పోడు పట్టాలో ఆమె పేరేది?

పోడు భూముల హక్కు పత్రాల్లో ఆదివాసీ మహిళల పేర్లు ఇప్పటికీ గల్లంతవుతూనే ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పెళ్లయినవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరిటా ఉమ్మడిగా ఇవ్వాలి. ఒంటరి మహిళకు ఆమె పేరిటే ఇవ్వాలి. పేరు జారిపోయేది మొదటి మెట్టు దగ్గరే. దరఖాస్తు ఫారం ‘ఎ’ మొదటి గడిలో భర్త పేరు, రెండో గడిలో భార్య పేరు రాస్తారు. కంప్యూటర్లోకి చాలాచోట్ల మొదటి గడే ఎక్కుతుంది. ఇక పంట రుణానికి వెళ్లినా, పెట్టుబడి సాయం అడిగినా ఆమె రైతు కాదు. భర్త పోతే, తాను కొండ చదును చేసి, రాళ్లేరి, చోళ్లు చల్లిన చేనికోసమే మరిది ముందు చేయి చాచాలి. ఒక్కతే వెళ్తే ‘రేపు రా’ అనేవాళ్లు, మహిళా సంఘమంతా కలిసి వెళ్లి, దరఖాస్తులు తీసుకునే అటవీ హక్కుల కమిటీని అడిగితే రసీదు రాసిస్తున్నారు. ఆ దరఖాస్తులపై తీర్మానం చేసే గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలుండాలి. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించుకున్నది సభ కానే కాదు. కాబట్టి సంఘాలు సభ రోజునే హాజరు పట్టీ నకలు తీసుకోవాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతలో అడిగి, 60 రోజుల్లోగా పై కమిటీకి అప్పీలు చేయాలి. ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు) సంత లేని రోజు చూసి సభలు పెట్టించి, పాత పట్టాలన్నీ అందరి ముందూ చదివించి, భార్య పేరు చేర్చిన కొత్త ప్రతులు ఆమె చేతికే ఇవ్వాలి.

– ఒక మహిళా సంఘం కార్యకర్త, విశాఖ మన్యం