పడమటి గోడ సంగతి

చి.ల.సౌ. పద్మకు నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు మామూలే. నూనె రాసినన్నాళ్ళు తగ్గుతుంది, మానేస్తే పట్టేస్తుంది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. నీ ఫోను వచ్చి పదహారు రోజులైంది. లెక్కపెట్టింది నేను కాదు, మీ అమ్మ క్యాలెండరు మీద చుక్కలు పెడుతోంది.

మొన్న వదినగారు, అదే మీ అత్తగారు, మాటల్లో మీ అమ్మతో అన్నారట, మీ పడమటింట్లో అలమారు వెనక గోడలో తేనెటీగలు చేరాయని, అల్లుడుగారు మందు డబ్బా తెచ్చారని, ఆదివారం కన్నంలో కొట్టి సిమెంటు పూసేస్తారని. నిజమేనా? నిజమైతే ఆ డబ్బా మూత తీయవద్దని చెప్పు. మామగారు అన్నారని చెప్పకు, ఎక్కడో చదివానని చెప్పు.

సరే, అది వదిలేయ్. పాపకి పళ్ళు వచ్చాయా? ఎనిమిదో నెల కదా. మీ అమ్మ సున్నుండలు కట్టి పంపుతోంది, అవి నీకు, పాపకి పెట్టేవి కావు. అన్నట్టు, గోడలోంచి తేనె తీశాక నాలిక మీద రాద్దామని వదినగారు సరదాపడతారు. ఏడాది నిండేదాకా పసిపిల్లలకి ఏ తేనే నాకించకూడదు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు మన పేగుల్లో ఏమీ చేయలేవు గానీ, పసివాళ్ళ పేగుల్లో మొలిచి నరాలు చచ్చుబడే విషం పుట్టిస్తాయి. కాచినా ఆ బీజాలు చావవు. వదినగారు నొచ్చుకోకుండా నువ్వే సర్దిచెప్పు.

ముందు అవి ఏ ఈగలో చూడండి. కన్నం దగ్గర మైనంతో చేసిన చిన్న గొట్టంలాంటిది బయటికి పొడుచుకొచ్చి, దోమంత నల్ల ఈగలు తిరుగుతుంటే అవి కుట్టని జాతి, వాటి జోలికి పోనక్కర్లేదు. సజ్జ కింద చాటంత పట్టు ఒక్కటే బయటికి వేలాడుతుంటే అది కొండ తేనె, దాన్ని పగలు కదిపితే వీధంతా పరుగెత్తాలి. మీది గోడ లోపల ఉంది కాబట్టి పుట్ట తేనె అయ్యుండాలి. చీకటి తొర్రలోనే కాపురం పెడుతుంది, పక్కపక్కనే అయిదారు పట్లు వరసగా కడుతుంది. దొడ్డి వైపు పాత దీపపు గూడుండేదనీ, దాన్ని ఇటుకతో మూసేశారనీ వదినగారు ఎప్పుడో చెప్పారు. మూసినవాళ్ళు లోపల బోలుగా వదిలేసి ఉంటారు. సున్నం రాలి వేలెడు సందు పడితే చాలు వాటికి.

మందు ఎందుకు వద్దంటానంటే, పెదపాలెం శేషు బాబాయి ఇంట్లో జరిగింది నీకు సగమే తెలుసు. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. మీటరు బోర్డు పక్క గోడలో పట్టు పడితే ఎవరో సలహా ఇచ్చారని రాత్రి కన్నంలో కిరసనాయిలు పోసి, పొద్దున్నే సిమెంటు పూసేశాడు. కరెంటు తీగల పక్కన కిరసనాయిలు! ఇల్లు అంటుకోకపోవడం అదృష్టం. మూడు రోజులు నిశ్శబ్దం, అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. కానీ బతికున్న ఈగలు రెక్కలాడించి, నీళ్ళు తెచ్చి చల్లి పట్టుని చల్లగా ఉంచుతాయి. అవి చచ్చాక ఆ పని చేసేదెవరు? మైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి గానీ, 40 దాటితేనే మెత్తబడి తేనె బరువుకి సాగుతుంది. వాళ్ళదీ పడమటి గోడే, చైత్రమాసపు ఎండ. పన్నెండో రోజున హాల్లో క్యాలెండరు వెనక నుంచి తేనె కారింది. దానికి చీమలు, చీమల వెనక బొద్దింకలు. లోపల పిల్ల ఈగలు కుళ్ళి, ఎలక చచ్చినట్టు వాసన. రెండుసార్లు సున్నం వేయించినా మరక మళ్ళీ తేలింది. ఊళ్ళో ఈగలు ఆ మందు తేనె దోచుకుపోవడానికి వచ్చి గుమ్మం ముందు గుప్పెళ్ళకొద్దీ చచ్చాయి. పైగా మరుసటేడు పాత మైనం వాసన పట్టుకుని ఇంకో గుంపు పక్క సందులోంచి దూరింది. చివరికి గోడ బద్దలుకొట్టక తప్పలేదు. ముందే కొట్టి ఉంటే పట్టూ దక్కేది, సున్నం ఖర్చూ మిగిలేది. ఈ కథ అల్లుడుగారికి చెప్పు. శేషు పేరు మాత్రం ఎత్తకు.

అందుకని ఈగల్ని చంపకుండా పెట్టెలోకి మార్చడానికి మాణిక్యాన్ని పంపిస్తున్నాను. శుక్రవారం బస్సెక్కుతాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. తేనెపెట్టె, అందులో పట్లు కట్టే చట్రాలు, పొగడబ్బా, ముసుగులు వాడే తెస్తాడు. వాడొచ్చేలోపు మీరు చేయాల్సింది కొంచెమే. రాత్రి తొమ్మిది దాటాక గోడకి స్టీలు గ్లాసు ఆనించి వినండి, రొద ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది. లోపలి వైపు అరచేయి ఆనిస్తే పిల్లలున్న మేర గోరువెచ్చగా తగులుతుంది, ఎందుకంటే పిల్లల్ని అవి ఎప్పుడూ 34, 35 డిగ్రీల వేడిలో ఉంచుతాయి. సుద్దతో గీత గీయండి. నువ్వు కాదు, అల్లుడుగారు.

గోడ దొడ్డి వైపు నుంచే తెరవాలి, లోపలి నుంచి తెరిస్తే ఇంటినిండా ఈగలే. శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టమన్నాను. పొద్దుపోయేసరికి మేతకి వెళ్ళినవన్నీ తిరిగొస్తాయి. మెయిన్ స్విచ్ ఆపెయ్యండి. కన్నంలోకి మూడు నాలుగుసార్లు పొగ వదిలి రెండు నిమిషాలు ఆగాలి. కొబ్బరి పీచు పొగ చల్లగా ఉంటుంది. పొగ తగిలితే తేనె తాగి కడుపు నింపుకుంటాయి, ఒకదాన్నొకటి హెచ్చరించుకునే వాసన కూడా ఆ పొగలో మరుగునపడుతుంది. అలాగని అదేపనిగా కొడితే చెదిరిపోయి, రాణి ఏ సందులోనో నక్కుతుంది. సుత్తి ఊపులు వద్దు. అదురుకి పట్లు తెగిపడతాయి, ఈగలు రేగుతాయి. పాత సున్నం కాబట్టి ఉలితో గీకుతూ పై వరస నుంచి ఒక్కో ఇటుకా తీయాలి. లాగే ముందు ఇటుక వెనక పల్చటి కత్తి జొనిపి పట్టుని విడదీయాలి. గూడు పైన బరువు మోసే చెక్కుంటే దాన్ని ముట్టుకోకూడదు.

పట్టులో పైభాగం తేనె, కింద పిల్లలు. తేనె ముక్కలు కోసి మూత ఉన్న గిన్నెలో వేసెయ్యాలి. కొత్త పెట్టెలో తేనె ముక్క పెట్టకూడదు. కారి ఈగలు మునిగి చస్తాయి, చీమలు పడతాయి. పిల్లలున్న పట్లు మాత్రం చట్రం కొలతకి కోసి అరటి నారతో కట్టాలి. మాణిక్యం తెచ్చే చట్రం లోపల 21 సెంటీమీటర్ల పొడవు, 14.5 ఎత్తు. గోడలో ఏది పైనుందో పెట్టెలోనూ అదే పైన ఉండాలి. పట్టులోని గదులు కాస్త పైకి వాలి ఉంటాయి, తలకిందులు చేస్తే లోపలున్నవి పాడవుతాయి. అయిదారు రోజుల్లో ఈగలే పట్టుని చట్రానికి అతికించుకుంటాయి, అప్పుడు నార తీసేయొచ్చు.

ఇంతా చేసి రాణి దొరక్కపోతే పెట్టె నిలవదు. పొడుగ్గా, కాస్త నల్లగా ఉంటుంది, వెలుతురు పడగానే పరుగెడుతుంది. ఈగలు ముద్దగా చేరిన చోట వెతికి, చిన్న జాలీ గూటిలో పెట్టి రెండు చట్రాల మధ్య వేలాడదీయాలి. రాణి లోపలుంటే కాసేపటికి ఈగలు పెట్టె గుమ్మం దగ్గర తోక పైకెత్తి రెక్కలాడిస్తూ మిగతావాటిని పిలుస్తాయి. అది కనిపించిందంటే సగం పని అయినట్టే. గుమ్మం సరిగ్గా పాత కన్నం ఎత్తులో ఉండేలా పెట్టెని నిలబెట్టి చీకటిదాకా వదిలేయాలి. ఆ రాత్రే గుమ్మం మూసి మీ చినమావగారి జీడితోటకి తీసుకెళ్ళాలి. మూడు కిలోమీటర్లు దాటకపోతే మేతకెళ్ళినవి మళ్ళీ మీ గోడకే వస్తాయి, ఆ తోట అయిదు అన్నావు కాబట్టి ఫరవాలేదు. ఈ జాతికి అలిగి లేచిపోయే గుణం ఎక్కువ. అందుకని నాలుగైదు రోజులు గుమ్మానికి రాణి దాటలేని జాలీ పెట్టి, సాయంత్రాలు పావుకిలో పంచదార పావులీటరు నీళ్ళలో కలిపి పెట్టె లోపలే పెట్టాలి, మునిగిపోకుండా రెండు పుల్లలు వేసి. చినమావగారి సొంత పెట్టెలేవైనా ఉంటే వాటికి దూరంగా ఉంచమను. 1991లో వచ్చిన, పిల్ల ఈగల్ని చంపే సంచి రోగం దక్షిణాదిలో ఈ జాతి పెట్టెల్ని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసింది, ఎక్కడో గోడలో పట్టుని నమ్మలేం.

ఖాళీ గూట్లో మైనం మిగలకుండా గీకి, వేడి సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక సున్నం కొట్టించండి. ఈసారి బోలు వదలకుండా ఇటుక ముక్కలు నిండా కూరాలి. పైపూత సున్నంతోనే. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే చెమ్మ పట్టి పెచ్చులూడుతుంది. వెంటిలేటర్లకి మూడు మిల్లీమీటర్ల జాలీ బిగించండి.

నువ్వు మాత్రం శనివారం పాపని తీసుకుని మీ ఆడపడుచు ఇంటికి వెళ్ళిపో. చూస్తూ నిలబడతానంటావు, నాకు తెలుసు. మూడో తరగతిలో కందిరీగ కుట్టి కళ్ళు మూసుకుపోయి, ఒళ్ళంతా దద్దుర్లొచ్చి మీ అమ్మ నిన్ను ఎత్తుకుని పరుగెత్తిన రోజు నీకు గుర్తుందో లేదో. కందిరీగ విషం వేరు, తేనెటీగ విషం వేరు, నిజమే. అయినా పరీక్షించి చూసుకునే సంగతా అది? ఎవరికైనా కుడితే ముల్లు గోటితో వెంటనే గీకెయ్యాలి, ఊడిన తర్వాత కూడా దాని సంచి విషం ఎక్కిస్తూనే ఉంటుంది. అరటిపండులాంటి వాసన వస్తే అక్కణ్ణుంచి తప్పుకోవాలి, ఆ వాసనకి మిగతావి కూడా వస్తాయి. ఐసు పెట్టండి, సున్నాలూ ఉల్లిపాయలూ రాయొద్దు. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా మాత్రలతో కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి, తొడలో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. ఆటో నంబరు ముందే రాసి పెట్టుకోండి.

ఇప్పటికే కుట్టి ఉంటుందనీ, మొహం వాచి ఉంటుందనీ, అందుకే వీడియో కాలు చేయట్లేదనీ మీ అమ్మ అనుమానం. నేను కాదన్నాను. మాణిక్యాన్ని నీ మొహం చూసి రమ్మన్నాను మాత్రం. వాడు అన్నంలోకి మజ్జిగ పలచగా పోస్తే తినడు, గడ్డ పెరుగు ఉంచు.

ఈ ఉత్తరం అందేసరికి పద్దెనిమిదో చుక్క పడి ఉంటుంది.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. ఆ డబ్బా మాణిక్యం చేతికిచ్చి పంపించెయ్. అల్లుడుగారు వెతికితే ఎక్కడ పెట్టానో గుర్తులేదను.