పాతబస్తీ కిరాయి ఇళ్లలో కరెంటు వైర్లు ఎవరు చూడాలి?

సంపాదకుల గారికి నమస్కారం.

మేం గౌలిపురాలో ఒక పాత ఇంట్లో మేడ మీది పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నాం. మా ఆయనది బంగారం పని. చార్‌కమాన్ దుకాణాల్లో పని ముగించుకుని ఇల్లు చేరేసరికి పెళ్లిళ్ల సీజన్‌లో అర్ధరాత్రి అవుతుంది. ఉప్పల్ దాటి కొత్త అపార్ట్‌మెంట్లు వచ్చాయి, అక్కడికి మారండని చుట్టాలు చెప్తూనే ఉంటారు. పని ఇక్కడ, ఇల్లు అక్కడ అంటే మాకు కుదరదు. పైగా ఈ ఇల్లంటే నాకు ప్రాణం. డంగుసున్నం గోడలు మూరెడు మందం ఉంటాయి, ఎండాకాలంలోనూ మధ్యాహ్నం దాకా ఫ్యాను చాలు. ఆషాఢంలో బోనమెత్తుకుని లాల్‌దర్వాజ అమ్మవారి గుడికి నడిచే పోతాం.

కానీ 2025 మే 18 ఆదివారం పొద్దున గుల్జార్‌హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత నాకు ఈ ఇంట్లో నిద్ర సరిగ్గా పట్టడం లేదు. కింద ముత్యాల దుకాణం, పైన కాపురం. 17 మంది చనిపోయారు, అందులో 8 మంది చిన్నపిల్లలు. పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ ఇరుకు మెట్లదారి ఒక్కటే. మా ఇల్లూ అంతే. ఈ బస్తీల్లో ఎన్ని ఇళ్లు అట్లా ఉన్నాయో నడిచి చూసేవాళ్లకు తెలుస్తుంది.

మా మెట్ల కింద ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద తెల్ల పింగాణీ ఫ్యూజులు. ఫ్యూజు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు రాగితీగ మందంగా చుట్టి పెట్టేస్తారు, మళ్లీ పోకుండా. తీగ కాలకపోతే వైరే కాలుతుందని మాకు తెలియక కాదు, పిల్లల పరీక్షలప్పుడు దీపం ఉండాలి కదా. బోర్డు వెనక సున్నం నల్లబడింది. దాని ముందే కింది దుకాణం వాళ్ల అట్టపెట్టెలు, మూడు పోర్షన్ల బండ్లు. బల్బులకూ ఫ్యాన్లకూ వేసిన వైర్ల మీద ఇప్పుడు కూలర్లు, గీజర్లు, ఫ్రిజ్‌లు నడుస్తున్నాయి.

ఇంటికంతా ఒకటే మీటరు. మాకు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని తీసుకుంటారు. అందరిదీ కలిసి 200 యూనిట్లు దాటిపోతుంది కాబట్టి తెల్లకార్డు ఉన్నా 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం మాకు రాదు. అదొక బాధ. అంతకన్నా పెద్ద బాధ, ఆ ఒక్క మీటరు మీద ఎంత లోడు పడుతోందో ఎవరికీ పట్టకపోవడం.

మా ఓనరమ్మ మంచిదే. వయసు పెద్దది, ఇంట్లో మరుదుల వాటాలు తేలలేదు. తేలని ఇంటికి ఖర్చెవరు పెడతారు? మేం గట్టిగా అడిగితే ఖాళీ చేయమంటారేమోనని భయం. మా అగ్రిమెంటు 11 నెలలది. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉందంటారు గానీ, 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటితే అది వర్తించదు. ఇప్పుడు ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్ కూడా ఆ ధరకు దొరకదు. అంటే దాదాపు మేమందరం ఆ చట్టం బయటే. ఆ హద్దును ప్రభుత్వం వెంటనే పెంచాలి.

వానాకాలం వస్తే శిథిల భవనాలని మున్సిపాలిటీ నోటీసులు అంటిస్తుంది. కూలే ఇంటికి అది అవసరమే. కానీ నిలబడి ఉన్న పాత ఇంటికి కావలసింది మరమ్మతు. విద్యుత్ శాఖ వాళ్లు, ఫైర్ వాళ్లు కలిసి బస్తీ బస్తీకి వచ్చి కిరాయి ఇళ్ల వైరింగు, మెట్లదారి చూడాలి. పోర్షన్‌కో మీటరు ఇవ్వాలి. వాటాల గొడవ ఉన్న ఇళ్లలో కిరాయిదారు వైరింగు చేయించుకుంటే ఆ ఖర్చు కిరాయిలో కోసుకునే హక్కు రాసివ్వాలి. ఒకవేళ ఖాళీ చేయించాల్సి వస్తే, అడ్వాన్స్ చేతికి వచ్చేదాకా మమ్మల్ని బయటికి పంపకూడదు.

ఈ ఉత్తరం రాసేముందు ఓనరమ్మకు చదివి వినిపించాను. ఖర్చులో సగం కిరాయిలో పట్టుకోవడానికి ఆమె ఒప్పుకుంది. మరుదులు ఇంకా ఏమీ చెప్పలేదు. మెట్ల దగ్గరి అట్టపెట్టెలు మాత్రం ఈ ఆదివారం తీయించేస్తున్నాం.

— ఒక కిరాయిదారు, గౌలిపురా, హైదరాబాద్