కుట్లకు చీము పట్టకుండ చూడండి

ఎడిటర్ గారికి నమస్తే,

మా పెద్దమ్మకు దసరా ముందర హన్మకొండల కడుపు ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చినంక కుట్ల దగ్గర ఎర్రగయి చీము పట్టింది. గాజుగుడ్డ తీస్తుంటే పుండుకు అతుక్కొని వచ్చేది, పాపం మంచం పట్టె గట్టిగ పట్టుకొని పండ్లు కొరుక్కునేది. పత్తి ఏరే సీజనంత పాయె, మందుల ఖర్చు వేరే.

ట్రైక్లోసాన్ అనే క్రిములను ఆపే మందు పూసిన కుట్ల దారాలు 2002 నుంచే ఉన్నయి. అల్లిక దారం పోగుల సందుల్ల క్రిములు దాక్కుంటయి, ఈ పూత వాటిని దారం మీద పెరగనియ్యదు. 2016ల ప్రపంచ ఆరోగ్య సంస్థ గూడ వాడొచ్చని సూచించింది. కాని 2021ల వైద్య పత్రిక లాన్సెట్‌ల వచ్చిన ఫాల్కన్ ట్రయల్, మన దేశంతో కలిపి 7 దేశాల్ల 5,788 మంది కడుపు ఆపరేషన్ పేషెంట్ల మీద చేసింది, మామూలు దారానికి దీనికి తేడా కనబడలేదన్నది. అయినా అదే ఏడాది బ్రిటన్‌ల వైద్యం మీద సలహాలిచ్చే నైస్ సంస్థ వాడాలని చెప్పింది. అంటే దారం ఒక్కటే మారిస్తే సరిపోతదని నేననుకోను.

బ్లేడుతోని వెంట్రుకలు గొరుగుడు బందు వెట్టాలె, గీతలు పడి క్రిములకు దారైతది, అవసరమైతే వెంట్రుకలు కత్తిరించే మిషిన్ (క్లిప్పర్) వాడాలె. యాంటీబయాటిక్ అవసరమైన ఆపరేషన్లకు కోతకు ముందు 120 నిమిషాల లోపల ఇయ్యాలె, షుగర్ ఉన్నోళ్లకు కంట్రోల్ చెయ్యాలె. ఇంకోటి, చీము శానమందికి డిశ్చార్జ్ అయినంకనే బయటపడ్తది, అప్పుడు దవాఖానకు తెల్వనే తెల్వదు. అందుకే హన్మకొండ జిల్లా అధికారులు ప్రతి ఆపరేషన్ పేషెంటుకు 30 రోజుల దాక ఫోన్ చేసి అడిగి రిజిస్టర్ల రాయించాలె, ప్రైవేటోళ్లతోని గూడ.

- ఒక పాఠకురాలు, హన్మకొండ