కమికత్సు మామ్మగారికి, ఇంకా కొందరికి

అందరికీ నమస్కారం. పెడన వచ్చి పది రోజులైంది. ఈ నాలుగు మాటలు అప్పుడే రాయాల్సింది గానీ, రాగానే షెడ్డులో ఆర్డర్ల పని నెత్తిన పడింది.

తెలియనివాళ్ళకి: జపాన్‌లో షికోకు దీవిలో, తొకుషిమ ప్రాంతపు కొండల్లో కమికత్సు అనే చిన్న ఊరుంది. జనం పదిహేను వందల లోపే. ఆరు వారాలు అక్కడ ఉండి, వాళ్ళ నీలి అద్దకం నేర్చుకుని, మన కలంకారీ అచ్చు పని చూపించమని నన్ను పిలిచారు. టికెట్ కోసం చీటీ పాడి డబ్బిచ్చిన పెద్ద మామయ్యకి, చలికోటు పంపిన హైదరాబాద్ వదినకి ముందుగా దండాలు. కోటు చిన్న మరకతో తిరిగొస్తోంది వదినా, నీలిదే.

ఆ ఊరికి చెత్త బండి రాదు. ఎవరి చెత్త వాళ్ళే కడిగి, ఆరబెట్టి, కేంద్రానికి తీసుకెళ్ళి నలభైకి పైగా రకాలుగా వేరు చేయాలి. 2003లో 'వ్యర్థం లేని ఊరు' అవుతామని ప్రకటించుకున్నారు. ఇంత చేసినా ఇరవై శాతం దాకా మిగిలిపోతోందని వాళ్ళే చెప్తారు, దాచరు. మొదటి వారం నేను తెచ్చిన సంచి చూసి అక్కడి అక్క ఏమీ అనలేదు. నాతో కూర్చుని మొత్తం మళ్ళీ విడదీయించింది. పాత కిమోనోలతో సంచులు కుట్టే ఆడవాళ్ళు నా అద్దకం ముక్కల్ని కూడా పారేయనివ్వలేదు.

అసలు చెప్పాల్సింది నీలిరంగు పులియబెట్టే బాన గురించి. మన దగ్గర నీలిచెట్టు ఆకు నానబెట్టి, చిలికి, అడుగున దిగిన మడ్డిని బిళ్ళలు కోస్తారు. వాళ్ళ మొక్కే వేరు. ఎండిన ఆకుని కుప్ప పోసి, నీళ్ళు చల్లుతూ, తిరగేస్తూ వంద రోజుల దాకా మగ్గబెడతారు. చూడటానికి పెంటకుప్పలోని ఎరువులా ఉంటుంది. దాన్ని బూడిద నీళ్ళలో పులియబెడితే పైన నురగ పువ్వులా లేస్తుంది.

నా బానలో పువ్వు లేవలేదు. చలికి పులవడం లేదనుకుని, పులియడానికి మేతగా వేసే గోధుమ పొట్టు రెండింతలు వేశాను. రెండు రోజులకి ఉన్న కాస్త నురగా చచ్చింది, పుల్లటి కంపు. ఆరు వారాల పని పోయిందని ఒకటే టెన్షన్. కింద మైదానం నుంచి అద్దకం పెద్దాయన రాత్రిపూట కారేసుకుని వచ్చారు. వేలు ముంచి నాలుకకి రాసుకుని, "ఆకలి లేని బిడ్డ నోట్లో అన్నం కుక్కావు" అన్నారు. సున్నం కొద్దికొద్దిగా వేయించి, ఇక పొట్టు ముట్టుకోవద్దన్నారు. నేనున్న ఇంటి మామ్మగారు తన పాత దుప్పట్లన్నీ తెచ్చి బానకి చుట్టి, వేడినీళ్ళ సీసాలు పెట్టారు. నాలుగో రోజు పొద్దున పువ్వు లేచింది. నేను ఏడ్చాను, ఆవిడ నవ్వారు.

పెద్దాయన పైసా తీసుకోలేదు. మన అచ్చుబట్ట చేత్తో తడుముతూ "సరస, సరస" అంటుంటే నాకు ముఖం ఎర్రబడింది! దుబాసీ అమ్మాయి చెప్పాక తెలిసింది, అచ్చువేసిన నూలుబట్టని వాళ్ళు సరస అంటారట. ఒకప్పుడు డచ్చివాళ్ళ ఓడల్లో మన కోరమండల్ తీరపు బట్టలు అక్కడికి చేరేవి. బందరు పక్కనే పుట్టి ఈ మాట అక్కడికెళ్ళి వినాల్సి వచ్చింది. ఆయనకి మా తాతగారి కాలపు టేకు అచ్చు ఒకటి ఇచ్చి వచ్చాను.

మామ్మగారికి ఏమివ్వాలో తోచలేదు. ఎనభై దాటినా రోజూ కొండెక్కి, హోటళ్ళలో పళ్ళేల అలంకరణకి వెళ్ళే ఆకులు ఏరే మనిషి. 1981 చలికి ఊళ్ళో నారింజ తోటలు పోయాక, 1986లో మొదలైన వ్యాపారమట అది. ఆ బానలో అద్దిన మొదటి గుడ్డ ఆవిడ తలకే కట్టాను.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ పులియబెట్టిన టీ ఆకు ఒక డబ్బా ఇచ్చారు. ఇంకా సగముంది. పులుపు తట్టుకోగలిగినవాళ్ళు సాయంత్రం ఐదు తర్వాత షెడ్డుకి రండి, నీలి బట్టలు కూడా చూపిస్తాను.