వర్ణవివక్షపై పోరు ఒక్క మండేలాదే కాదు
దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టాలపై సాగిన పోరాటాన్ని మన పత్రికలు, పాఠాలు మండేలా 27 ఏళ్ల జైలు జీవితంతోనే ముగించేస్తున్నాయి. నేను ట్యూషన్ చెప్పే తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగితే అందరూ మండేలా పేరు చెప్పారు, అక్కడి షార్ప్‌విల్ అనే ఊరి పేరు ఒక్కరూ వినలేదు. సొంత దేశంలో తిరగడానికి నల్లవాళ్లు ఎప్పుడూ పాస్ (అనుమతి పత్రం) దగ్గర పెట్టుకోవాలన్న చట్టాన్ని ఎదిరించి, 1956 ఆగస్టు 9న దాదాపు 20 వేల మంది ఆడవాళ్లు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనాల ముందు నిలబడ్డారు. 1960 మార్చి 21న ఆ పాస్‌ల మీదే నిరసన తెలుపుతుంటే షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్చి 69 మందిని చంపారు. 1976లో జోహన్నెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ల బస్తీ సొవెటోలో వర్ణవివక్షపై రోడ్డెక్కింది బడిపిల్లలు, మా పిల్లల ఈడువాళ్లే! ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువాళ్లు ఎందరో. ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో విడగొట్టిన 1950 నాటి నివాస ప్రాంతాల చట్టం కింద నాటాల్‌లోని డర్బన్ నగరంలో భారతీయ కుటుంబాలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. సంపాదకులారా, ఏటా మార్చి 21న మీ పత్రికలో పిల్లల పేజీని ఈ సామాన్యుల పోరాటానికి కేటాయించండి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు డర్బన్‌లోని తెలుగువాళ్ల సంఘం ఆంధ్ర మహాసభతో కలిసి అక్కడి తెలుగు పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేయాలి. ఆ తరం ఇప్పటికే ఎనభై దాటింది.