ఆ డబ్బా పారెయ్యకు బావా

విశాఖపట్నం,
2025 నవంబరు 16.

ప్రియమైన రమణ బావకి,

నువ్వు పంపిన ఫొటో చూశాను. నిన్న నవంబరు 15, శనివారం. జీపీఎస్ ఉపగ్రహాలని చూసుకుంటూ కచ్చితమైన 10 మెగాహెర్ట్జ్ ఇచ్చే నీ తండర్‌బోల్ట్ డబ్బా మాత్రం 2006 ఏప్రిల్ 1 అంటోంది. దానికి తోడు ఉపగ్రహాలతో లాక్ నిలవడం లేదు, అలారం పడుతోంది, డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ ఎటో జారిపోతోంది. "ఇక దీని పని అయిపోయింది, కొత్త చిన్న డబ్బా కొనేస్తాను, ఏది కొనమంటావు?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. బెంచి ముందు కూర్చున్నప్పుడు పక్కన పెట్టుకుని చూసుకుంటావని తీరిగ్గా రాస్తున్నాను. ముందు ఒక్కమాట: కొనకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకైనా కొనకు.

తేదీ సంగతి మొదట తేల్చేస్తాను, ఎందుకంటే నిన్ను భయపెట్టింది అదే. అది రోగం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు మనకి తేదీ పంపవు, వారం నంబరు పంపుతాయి. 1980 జనవరి 6 నుంచి లెక్క. ఆ నంబరుకి ఇచ్చింది 10 బిట్లే కాబట్టి 1023 దాకా వెళ్ళి మళ్ళీ సున్నాకి వస్తుంది. 1024 వారాలంటే 7168 రోజులు. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్లో ఒకసారి అలా సున్నాకి తిరిగింది, మళ్ళీ 2038 నవంబరులో తిరుగుతుంది. ఇప్పుడు నడుస్తున్నది ఎన్నో చుట్టు అనేది రిసీవరే ఊహించుకోవాలి. ఆ ఊహకి ఆధారం దానిలోని ప్రోగ్రాం రాసిన కాలం. అందుకే ఒక్కో మోడల్‌కి ఒక్కో గడువు. తండర్‌బోల్ట్ గడువు 2017 జూలై 30న తీరిపోయింది, ఆ రోజున అది 1997 డిసెంబరు 14కి వెళ్ళిపోయింది. నీకు కనిపించిన 2006 ఏప్రిల్ 1కి 7168 రోజులు కలిపి చూడు, సరిగ్గా నిన్నటికి వస్తుంది. అదీ శనివారమే. డబ్బా సంగతులు కంప్యూటరు తెర మీద చూపే లేడీ హెదర్ ప్రోగ్రాంలో ఈ 1024 వారాలు కలుపుకునే ఏర్పాటు ఉంది, పెట్టుకో. డబ్బా సెకనుకొకటి ఇచ్చే పల్సుకీ 10 మెగాహెర్ట్జ్‌కీ ఈ తేదీతో ఏ సంబంధమూ లేదు.

కాబట్టి నీ అసలు సమస్య లాక్ నిలవకపోవడం. అది వేరే సంగతి, దానికి వేరే మందు ఉంది.

ఎందుకు పారెయ్యొద్దంటున్నానో చెప్తాను. ఆ డబ్బా, దాని సప్లై కలిపి నాలుగు వస్తువులు అనుకో: యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్‌ని పట్టే రిసీవరు, కరెంటు ఇచ్చే సప్లై, లెక్క చూసుకునే ప్రాసెసరు, ఓవెన్‌లో కూర్చున్న క్వార్ట్జ్ క్రిస్టల్. మొదటి మూడూ ఏళ్ళు గడిచేకొద్దీ పాతబడతాయి. క్రిస్టల్ అలా కాదు. కొత్త క్రిస్టల్ రోజురోజుకీ ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతుంది. ఏళ్ళ తరబడి వేడి మీద ఉండి ఉండి ఆ మార్పు బాగా నెమ్మదిస్తుంది. నీ తండర్‌బోల్ట్ ఏదో టెలికాం కంపెనీ విప్పేసిన సరుకు, అంటే మన చేతికి వచ్చేసరికే ఆ క్రిస్టల్ ఏళ్ళపాటు ఆగకుండా నడిచి కుదురుకుంది. అలాంటి క్రిస్టల్ ఈ రోజు ఎంత డబ్బు పోసినా కొత్తది దొరకదు. నువ్వు చెత్తలో వేద్దామనుకుంటున్నది దాన్ని.

జీపీఎస్ పని ఆ క్రిస్టల్‌ని నడపడం కాదు, దారి తప్పకుండా చూడడం. జీపీఎస్ సెకను పల్సు ఏ రెండు సెకన్లకి చూసినా పదుల నానోసెకన్లు అటూఇటూ ఊగుతుంది, రోజు మొత్తం మీద చూస్తే మాత్రం దాన్ని మించింది లేదు. మంచి క్రిస్టల్ దానికి సరిగ్గా తిరగేసి: సెకన్ల మీద నిలకడ, నెలల మీద జారుడు. తోవ ఎరిగిన ఎద్దుకి పగ్గం ఊరికే పట్టుకుంటే చాలు, మాటిమాటికీ లాగితే అది నడక మానేస్తుంది. తండర్‌బోల్ట్‌లో టైమ్ కాన్‌స్టంట్ అని 100 సెకన్లు పెట్టి ఉంటుంది, అదే ఆ పగ్గం. నీలాంటి కుదురుకున్న క్రిస్టల్‌కి 100 చాలా బిగుతు. 500 పెట్టి చూడు, ఇంకా పైకి కూడా వెళ్ళొచ్చు. అయితే ఇది రిపేరు అయ్యాక.

ఇక రిపేరు. దీన్ని నీ ఇంటి డాబా మీది నుంచి మొదలుపెట్టు, డబ్బా నుంచి కాదు. నా దగ్గర పోయిన వానాకాలంలో ఇదే జరిగింది. రాత్రిపూట ఒక్కో ఉపగ్రహం జారిపోయేది, తెల్లారేసరికి "యాంటెన్నా ఓపెన్" అని అలారం. ఎండెక్కితే మళ్ళీ అన్నీ వచ్చేవి. మీటరు పెట్టి చూస్తే డబ్బా దగ్గర 5 వోల్టులు చక్కగా ఉన్నాయి, డాబా మీద యాంటెన్నా కొసన మూడున్నర కూడా లేదు. అక్కడి ఎఫ్ కనెక్టరు విప్పాను. లోపల కేబుల్ చుట్టూ ఉండే తీగల అల్లిక పచ్చగా పొడిపొడిగా రాలింది. మధ్య తీగ మీద రాగి కొంతమేర తినేసి, కింద ఇనుము ఎర్రగా తుప్పు పట్టి కనిపించింది. ఇది గుర్తుంచుకో: డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్లో ఎక్కువభాగం మధ్య తీగ అచ్చం రాగి కాదు, ఉక్కు మీద రాగి పూత. పూత పోయిందంటే మన సముద్రపు గాలికి లోపలి ఉక్కు ఎంతో కాలం ఆగదు. మీ హైదరాబాదులో ఉప్పు గాలి లేకపోవచ్చు, కానీ నీ యాంటెన్నా వాటర్ ట్యాంకు పక్కనే ఉంది కదా, ఆ ట్యాంకు పొంగినప్పుడల్లా తడుస్తుంది.

తీగ కోసి చూస్తే తేమ అల్లిక పట్టుకుని కిందికి పాకింది. మంచి భాగం తగిలేదాకా కోసేసి, కొత్త కంప్రెషన్ కనెక్టరు వేశాను. దాని మీద రబ్బరు సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు సాగదీస్తూ చుట్టి, ఆ పైన మామూలు నల్ల టేపు. సిలికాన్ పూయబోయే ముందు వాసన చూడు: వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది, దాన్ని ముట్టుకోకు. కనెక్టరు దగ్గర కేబుల్ కిందికి ఒక వంపు తిరిగేలా వదులు, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. తండర్‌బోల్ట్ యాంటెన్నా సాకెట్ ఎలాగూ ఎఫ్ రకమే, 75 ఓమ్ కేబులే దానికి సరి. ఖరీదైన కేబుల్ కోసం వెతకనక్కర్లేదు. మీటరుకి సుమారు 4 నానోసెకన్ల ఆలస్యం వస్తుంది గానీ అది సెకను పల్సుకి సంబంధించిన సంగతి, ఫ్రీక్వెన్సీకి కాదు.

యాంటెన్నాని అంగుళాలు కాకుండా అడుగుల లెక్కన పక్కకి జరిపావంటే మాత్రం స్థానం మళ్ళీ కొలిపించాలి. సెల్ఫ్ సర్వే అని ఉంటుంది, 2000 కొలతలు తీసి సగటు కట్టి దాచుకుంటుంది, అరగంట పైన పడుతుంది. స్థానం కచ్చితంగా తెలిసిన రిసీవరు ఒక్క ఉపగ్రహం కనిపించినా సమయం లెక్కకట్టగలదు. స్థానం తప్పైతే ఆ తప్పంతా గడియారం మీదికే వస్తుంది.

తర్వాత సప్లై. తండర్‌బోల్ట్‌కి +12, +5, −12 మూడూ కావాలి. నీ దాంతో వచ్చింది చవకరకం స్విచింగ్ సప్లై అని గుర్తు. దాని మూత తీసి కెపాసిటర్ల తలలు చూడు, ఒక్కటి ఉబ్బినా మొత్తం అనుమానించాల్సిందే. స్కోప్‌ని ఏసీ కప్లింగ్‌లో పెట్టి మూడు లైన్ల మీదా రిపుల్, అంటే వోల్టేజీలో మిగిలిన ఊగు, చూడు. −12 లైను మీద లోడు చాలా తక్కువ, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళు, ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, 105 డిగ్రీల కెపాసిటర్లు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. +5కి 7805, −12కి 7912 చాలు. +12కి మాత్రం 7812 పెట్టకు. ఓవెన్ చల్లగా ఉన్నప్పుడు కరెంటు బాగా లాగుతుంది, ఒక ఆంపియరు రెగ్యులేటరు అక్కడ చెమటోడుస్తుంది. 3 ఆంపియర్ల ఎల్‌ఎం350 పెట్టి పెద్ద హీట్‌సింక్ బిగించు. ఆ వేడి క్రిస్టల్ డబ్బాకి తగలకుండా దూరంగా ఉంచు. ఫ్యాను గాలి, కిటికీ గాలి కూడా దాని మీద పడనివ్వకు.

కరెంటు పోతే ఏంటన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. ఓవెన్ చల్లారి మళ్ళీ వేడెక్కితే క్రిస్టల్ వెంటనే పాత ఫ్రీక్వెన్సీకి రాదు, నెమ్మదిగా వస్తుంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు కదా, తిరిగి వచ్చాక నా ఆసిలేటరు కుదురుకోవడానికి చాలా టైం పట్టింది. అప్పటి నుంచి బ్యాటరీ మీద పెట్టేశాను, దాన్ని ఎప్పుడూ ఆపను. నువ్వు వాడినప్పుడే స్విచ్ వేస్తున్నానని రాశావు. ఆ అలవాటు ఈ రోజే మానెయ్. ఏళ్ళ తరబడి కుదురుకున్న నడకని రోజూ చెడగొడుతున్నట్టు.

యాంటెన్నా, సప్లై రెండూ అయ్యాక కూడా బాగుపడకపోతే అప్పుడు చూడాల్సింది డాక్ వోల్టేజీ. క్రిస్టల్‌ని సరిచేయడానికి ప్రాసెసరు ఇచ్చే వోల్టేజీ అది, లేడీ హెదర్ తెర మీద కనిపిస్తుంది. అది మధ్యలో ఎక్కడో ఉండి, వారానికి ఏ కొంచెమో కదులుతుంటే నీ క్రిస్టల్ బంగారం. కొసకి అంటుకుపోయి అలారం ఇస్తుంటే క్రిస్టల్ సవరణ పరిధి దాటిపోయిందని అర్థం. అప్పుడు మార్చడం గురించి మాట్లాడుకుందాం.

బాగైందో లేదో తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. నా రెండో డబ్బా నీకు పంపుతాను. ఒకదాని 10 మెగాహెర్ట్జ్‌ని స్కోప్ ట్రిగ్గరుకి ఇచ్చి రెండోదాన్ని తెర మీద చూడు. ఒక అల అంటే 100 నానోసెకన్లు. అల పూర్తిగా ఒక అల మేర పక్కకి జరగడానికి 100 సెకన్లు పడితే రెండిటి మధ్య తేడా వంద కోట్లలో ఒక వంతు, అంటే 10 మెగాహెర్ట్జ్ మీద 0.01 హెర్ట్జ్. రెండూ లాక్‌లో ఉంటే ఆ అల ఎటూ వెళ్ళిపోదు, ఉన్నచోటే కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఎక్కడెక్కడో తయారైన రెండు క్రిస్టళ్ళు ఒకదాని అడుగులో ఒకటి అడుగు వేస్తుంటాయి.

నీకు ఇంత కచ్చితం ఎందుకో నీకే తెలుసు గానీ, చెల్లెమ్మ అడిగితే ఈ లెక్క చెప్పు. హామ్ రేడియో వాళ్ళు వాడే క్యూఓ-100 ఉపగ్రహం నుంచి మాటల కోసం మనకి దిగేది 10489.5 నుంచి 10490 మెగాహెర్ట్జ్ దాకా, మొత్తం అర మెగాహెర్ట్జే. ఎల్‌ఎన్‌బీ తన 25 మెగాహెర్ట్జ్‌ని 390తో హెచ్చించి 9750 చేసుకుంటుంది. ఆ 25లో ఒక్క హెర్ట్జ్ తప్పితే పైన 390 హెర్ట్జ్ తప్పు. ఎండకి ఎల్‌ఎన్‌బీ కాలినప్పుడు దానిలోని చవక క్రిస్టల్ ఒక్క హెర్ట్జ్ కాదు, అంతకు ఎన్నో రెట్లు కదులుతుంది. నువ్వు మధ్యాహ్నం పూట అవతలివాడి గొంతు వెంట నాబ్ తిప్పుతూ పరిగెత్తేది అందుకే.

కొత్త చిన్న డబ్బాల గురించి కూడా చెప్తాను, అవి చెడ్డవని కాదు. యూ-బ్లాక్స్ కంపెనీ జీపీఎస్ రిసీవరు, ఓవెన్ లేకుండా వేడికి తగ్గట్టు సరిదిద్దుకునే చిన్న క్రిస్టల్ (టీసీఎక్స్‌ఓ), కావలసిన ఫ్రీక్వెన్సీ తయారుచేసే ఒక సింథసైజరు చిప్పు. యూఎస్‌బీతో నడుస్తాయి, 25 మెగాహెర్ట్జ్ నేరుగా ఇస్తాయి. ఒక్క ఎల్‌ఎన్‌బీకే అయితే అదే చాలు, కొండ మీదికి తీసుకెళ్ళడానికి కూడా అదే హాయి. కానీ నీకు కౌంటరు ఉంది, సిగ్నల్ జెనరేటరు ఉంది, 10 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌వర్టరు (మామూలు రేడియోని ఆ ఫ్రీక్వెన్సీకి మార్చేది) కడతానంటున్నావు. 390తో హెచ్చించినప్పుడు ఫేజ్ నాయిస్, అంటే అల తడబాటుతో వచ్చే గరగర, దాదాపు 52 డెసిబెల్స్ పెరుగుతుంది. అక్కడ ఓవెన్‌లోని క్రిస్టల్ శుభ్రత వినిపిస్తుంది. యూ-బ్లాక్స్ మాడ్యూల్ టైమ్ పల్సుని నేరుగా 10 మెగాహెర్ట్జ్‌కి పెట్టి వాడుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకు. లోపలి గడియారం 48 మెగాహెర్ట్జ్, దాన్ని 10తో భాగిస్తే సరిగ్గా పోదు, పల్సులు తడబడతాయి. 8 అయితే శుభ్రంగా వస్తుంది. ఇక రుబీడియం అణువులతో నడిచే గడియారాలు పాతవి దొరుకుతాయి గానీ వాటిలో దీపం ఉంటుంది, అది అరిగిపోతుంది. పాతది కొంటే ఎంత మిగిలిందో ముందే చూసుకోవాలి.

నీ రిసీవరు భాగమే నిజంగా పోతే మాత్రం నా ఆలోచన ఇది. పెట్టెని, క్రిస్టల్‌ని ఉంచుకుని, కొత్త టైమింగ్ రిసీవరుతో, చిన్న మైక్రోకంట్రోలరుతో క్రిస్టల్‌ని దిద్దే కొత్త లూపు మనమే కడదాం. నాకు ఇంకో ఆశ ఉంది. 2023 మేలో శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం ఉంది, జీపీఎస్ లాంటి మన నావిక్‌లో ఎల్1 అనే సిగ్నల్ మొదలైంది కూడా దానితోనే. ఆ సిగ్నల్‌ని పట్టి మన క్రిస్టల్‌ని దిద్దే డబ్బా ఒకటి నీ బెంచి మీదో నా బెంచి మీదో కట్టాలి. సంక్రాంతి సెలవులకి వస్తావుగా, కాగితం మీదైనా మొదలుపెడదాం.

ముందు కనెక్టరు విప్పి ఫొటో తియ్యి, డాబా మీది కొసన వోల్టేజీ కొలువు. డాక్ వోల్టేజీ ఎంత ఉందో, వారంలో ఎంత కదిలిందో రాయి. స్విచ్ మాత్రం ఆపకు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. రెండో డబ్బా రేపు పార్సెల్ చేస్తున్నాను, బీఎన్‌సీ కేబుళ్ళు అందులోనే పెడతాను.

ఉంటాను.
నీ శీను