శీనాకు, మళ్ళీ కుడిచేత్తో

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే శీనా,

ముందు తిట్టు. కడుపు నిండా తిట్టుకున్నాకే చదువు. నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు రాయకపోవడం నా సోమరితనమే, ఒప్పుకుంటా. రెండోదానికి రాయకపోవడానికి మాత్రం నా దగ్గర ఎక్స్‌రే ఉంది. ఈ అక్షరాలు చూసి తాగి రాశాననుకోకు. కుడిచేతి కట్టు విప్పి పదిహేను రోజులే అయింది. పేజీ నిండేసరికి బొటనవేలు మొరాయిస్తుంది. మధ్యలో రాత మారితే కాఫీకి లేచానని అనుకో.

ఇంటి సంగతులు ఒక్క గుక్కలో చెప్పేస్తా. అమ్మ బాగుంది, బీపీ మాత్రలు మింగినట్టు నటించి దిండు కింద దాస్తోంది. పెద్దోడు ఇంటర్ రెండో సంవత్సరం. ఊర్లో చేను దున్ని పెట్టినాం, వాన లేదు, శనక్కాయ విత్తనం ఇంకా గోతాల్లోనే ఉంది. రమణగాడి గృహప్రవేశం గురించి ఇంకోసారి రాస్తా, దానికి వేరే కాగితం కావాలి.

ఇప్పుడు అసలు సంగతి. "మావాడు స్కేట్‌బోర్డు కోసం ప్రాణం తీస్తున్నాడు, మీ చిన్నికి ఉంది కదా, కొనివ్వొచ్చా?" అని రాశావు. ఆ వాక్యం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదురా. ఎందుకంటే నా చెయ్యి విరిగింది బాత్రూంలో కాదు.

మీ అక్క నీకు ఫోన్లో బాత్రూమనే చెప్పుంటుంది. పాపం, ఆమె తప్పు లేదు. నేను అందరికీ అదే చెప్పా. ఆఫీసులో అదే, సుజాతకు అదే, మా మామకు అదే. నిజం తెలిసినవాళ్ళు ముగ్గురే: చిన్ని, వెంచర్ వాచ్‌మన్, ఎముకల డాక్టరు. నువ్వు నాలుగోవాడివి. చదివాక ఈ కాగితాన్ని ఎనిమిదో నెంబరు గదిలో చేసినట్టే చెయ్యి. ఈసారి అగ్గిపెట్టె నీదే.

మొదట్నుంచీ చెప్తా. చిన్ని పుట్టినరోజుకు నా బావమరిది బెంగళూరు నుంచి బోర్డు తెచ్చాడు. బోర్డు ఒక్కటే. మేనమామ లక్షణం అది, ముద్దు ఆయనది, ఖర్చు మనది. సుజాత దాన్ని చూసీ చూడగానే మంచం కిందికి తోసేసింది. చిన్ని వదుల్తుందా? స్కై బ్రౌన్ అనే పిల్ల కథ ఎత్తుకుంది. ఆ పిల్ల 2020లో ప్రాక్టీసు చేస్తూ ర్యాంపు మీద నుంచి పడితే పుర్రె చిట్లింది, ఎడమ చెయ్యి విరిగింది. హెల్మెట్టే ప్రాణం నిలబెట్టిందని తనే చెప్పుకుంది. మరుసటి ఏడు, 2021లో, స్కేట్‌బోర్డింగ్‌ను మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టారు కదా టోక్యోలో, అక్కడ 13 ఏళ్ళకే కాంస్యం కొట్టింది. సుజాత అంతా విని, "తల పగిలినా మళ్ళీ ఎక్కిందా? ఇదేనా నువ్వు నాకు చెప్పే ధైర్యం?" అంది. రెండు రోజులు అన్నం మానేశాక (చిన్నిలే, సుజాత కాదు) షరతు మీద ఒప్పుకుంది. తలకు, మోచేతులకు, మణికట్లకు, మోకాళ్ళకు అన్నీ ఉంటేనే బోర్డు మంచం కింద నుంచి బయటికి వస్తుంది.

సరేనని టవర్‌క్లాక్ దగ్గర ఒక షాపుకు పోయినా. ప్లాస్టిక్ టోపీ ఒకటి తీశాడు. లోపల నాలుగు స్పాంజి ముక్కలు గమ్ముతో అంటించారు. ఐఎస్ఐ ఉందా అని అడిగితే, "ఉంటాది సార్" అన్నాడు. ఉంటాదంట! పైగా మన బండి హెల్మెట్‌కు చూసే ఐఎస్ 4151 గుర్తు దీనికి పనికొచ్చేది కాదని చిన్ని అక్కడే నా చెవిలో ఊదింది. స్కేట్‌బోర్డు హెల్మెట్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్ 1492 అని ఉండాలంట. మీవాడికి కొనేటప్పుడు ఆ అంకె వెతుకు. అమ్మ మాత్రం, "మీ నాయన బండి హెల్మెట్ పెడితే పోదా, ఎట్లాగూ వాడు పెట్రోల్ ట్యాంకుకే పెడతాడు" అంది. ఎంత నిజమైనా కన్నతల్లి అనాల్సిన మాటేనా? పెట్టి చూశాం. ఆ బరువుకు మెడ ఒక పక్కకు వాలింది. పిలిస్తే వినపడదు.

ఆన్‌లైన్లో తెప్పించాం. ఇక్కడొక పొరపాటు చేశా, అదే తర్వాత నన్ను కాపాడింది. కనుబొమ్మలకు అంగుళం పైన టేపు చుట్టి కొలవాలి. ఎట్లా కొలవాలో చూపిస్తానని నా తలకే చుట్టి, ఆ 59 సెంటీమీటర్లనే కొట్టేశా. చిన్ని తల 53. డబ్బా వచ్చాక అది ఆ పిల్ల ముక్కు దాకా దిగింది. వాపసు గడువు నాలాంటివాడి ఇంట్లో ఎప్పుడైనా నిలుస్తుందా? రెండోది తెప్పించి, మొదటిది నా తలకాయకు మిగిల్చారు.

ఆ హెల్మెట్ తయారీ భలే ఉందిరా. సైకిల్‌దానికన్నా వెనకవైపు కిందికి దిగి ఉంటుంది. సైకిల్ మీద నుంచి మనం ముందుకు పడతాం. ఇందులో బోర్డు ముందుకు ఉరుకుతుంది, మనిషి వెల్లకిలా పడతాడు. లోపల తెల్లగా మన థర్మోకోల్ లాంటిదే ఉంది. దెబ్బ తగిలితే అది నలిగి, ఆ ఊపును తను మింగి, తలకు తక్కువ పంపుతుంది. ఒకసారి నలిగితే మళ్ళీ ఉబ్బదు, ఇక దాన్ని పారెయ్యాల్సిందే. చిన్న చిన్న దెబ్బలకు తిరిగి లేచే మెత్తటి రకం కూడా ఉందంట. మాకొచ్చింది తెల్లదే.

మా మైదానం తాడిపత్రి రోడ్డులో ఒక వెంచర్. నీకు తెలిసిందే కదా, పెద్ద ఆర్చి, సిమెంటు రోడ్లు, ఎండిన కొబ్బరి మొక్కలు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. ప్లాట్లు అమ్ముడుపోకపోవడం వల్ల బాగుపడింది మా చిన్ని ఒక్కతే. ఆదివారం ఆరు గంటలకల్లా అక్కడ ఉంటాం.

ఆ రోజు మొదట పడింది చిన్నే. ఆ బోర్డు చక్రాలు మన బొటనవేలంత కూడా ఉండవు, 52 మిల్లీమీటర్లు, రాయిలా గట్టివి. శనగగింజంత కంకర అడ్డం వస్తే చాలు, బోర్డు అక్కడే ఆగిపోతుంది, మనం ఆగం. పిల్ల మోకాళ్ళ మీద దబ్బున పడి, ఆ ప్లాస్టిక్ చిప్పల మీద బారెడు దూరం జారి, నవ్వుతూ లేచింది. ఒక్క గీత లేదు. అది చూశాక నాకు... ఏం చెప్పమంటావు. నలభై మూడేళ్ళ వయసు, ఎదురుగా నున్నటి రోడ్డు, చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద సైకిల్ దింపినవాణ్ణి కదా!

"నాన్నా, మణికట్టు గార్డులు నీ సైజు లేవు, వద్దు" అంది చిన్ని. "ఒక్కసారే" అన్నాన్నేను. అయితే హెల్మెట్ పెట్టుకుంటేనే బోర్డు ఇస్తానని కాలు అడ్డం పెట్టింది. నేను గొణిగినా. ఎవరు చూస్తారులే అని పెట్టుకున్నా. నా గదవ కింద రెండు వేళ్ళు పెట్టి చూసి, పట్టీ ఇంకా బిగించింది, దొంగను పట్టుకున్న కానిస్టేబుల్ లాగా.

శీనా, మొదటి పది అడుగులు స్వర్గం. నిజంగా. చెవుల్లో గాలి. శింగనమల చెరువు కట్ట మీద నీ వెనక సీట్లో కూర్చుని అరిచాం చూడు, ఆ గాలి. తర్వాత రోడ్డు కొంచెం పల్లానికి దిగింది. పల్లమని కంటికి తెలియదు, చక్రాలకు తెలుసు. భయమేసి వెనక్కి వాలినా. వెనక్కి వాలకూడదంట, మోకాళ్ళు వంచి దిగిపోవాలంట, ఇప్పుడు చెప్తోంది. బోర్డు నా కింద నుంచి తుర్రుమంది. కుడిచెయ్యి దానంతట అదే వెనక్కి పోయి నేలను ఆనించుకుంది. ఆ వెంటనే తల. గుళ్ళో టెంకాయ కొట్టిన చప్పుడు.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. నా తల చూడలేదు, చెయ్యి చూడలేదు. "సార్, మీకేమన్నా అయింటే పోలీసులకు నేనేం చెప్పాల?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

హెల్మెట్ విప్పి చూసుకున్నా. పైన చిన్న గీతే. లోపల తెల్లదనం వెనకవైపు అరచేయంత మేర నొక్కుకుపోయి, మధ్యలో పగులు. చిన్ని ఆ పగులు మీద వేలు పెట్టి చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాకూ అప్పుడే కాళ్ళు వణికాయి. అది... సరే, వదిలెయ్.

చేతికి పెద్ద వాపు కూడా లేదు. బెణుకనుకున్నా. డాక్టరు ముందు తల సంగతి అడిగాడు. వాంతి అయిందా, కళ్ళు బైర్లు కమ్మాయా, మత్తుగా ఉందా? రాత్రి అలాంటిదేమైనా వస్తే పరుగున రమ్మన్నాడు. తర్వాత బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కాడు. కేక పెట్టినా. ఎక్స్‌రేలో ఏమీ లేదు! అయినా బొటనవేలితో సహా కట్టు వేసి, పన్నెండో రోజు మళ్ళీ తీయించాడు. అప్పుడు కనిపించింది చీలిక. స్కాఫాయిడ్ అంట, జీడిపప్పంత ఎముక. చెయ్యి చాచి పడేవాళ్ళకు మణికట్టులోని చిన్న ఎముకల్లో విరిగేది ఎక్కువగా ఇదేనంట. విరిగిన కొత్తలో చాలాసార్లు ఫోటోకు దొరకదు. రక్తం దానికి వేళ్ళ వైపు నుంచి వెనక్కి తిరిగి వస్తుంది కాబట్టి అతుక్కోవడమూ ఆలస్యమే. పది వారాలు పట్టిందిరా. "గార్డు వేసుకుని ఉంటే చాలామటుకు తప్పేది, దాంట్లో పలక ఉండేది అందుకే" అన్నాడు. అమ్మేమో పుత్తూరు కట్టుకు పోదాం పా అని రోజూ చెప్పుల దగ్గర నిలబడింది.

ఇప్పుడు నా పాపం విను. బాత్రూంలో జారానని చెప్పా కదా? సుజాత మరుసటి వారమే మేస్త్రిని పిలిపించింది. నేను చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని ఉంటే, నా కళ్ళముందే టైల్సన్నీ పగలగొట్టించి జారని రకం వేయించింది. పద్నాలుగు వేలు. ఆ మేస్త్రి పాత టైల్ ఒకటి తడిపి, కాలితో రుద్ది చూసి, "ఇది జారదే సార్" అన్నాడు, నా మొహంలోకి చూస్తూ. నేను పేపర్ చదువుతున్నట్టు నటించా. తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత చిన్ని చెప్పింది.

చిన్ని నోరు ఊరికే మూసుకోలేదు. ప్రతి ఆదివారం బోర్డు తర్వాత ఉగ్గాని బజ్జీ, దాని మీద ఐస్‌క్రీం. అది చాలదని కొత్త డిమాండు పెట్టింది. నేనూ మళ్ళీ ఎక్కాలంట, ఈసారి నా సైజు గార్డులతో. ముందు గడ్డి మీద పడటం నేర్పిస్తానంది. చెయ్యి చాచకుండా భుజం మీద దొర్లాలంట. డాక్టరు ఇంకో రెండు నెలలు వద్దన్నాడు కాబట్టి బతికిపోయా. ఎక్కాలనుందా అంటే... ఆ పది అడుగులు ఉన్నాయి చూడు.

మీవాడి సంగతి. కొనివ్వు. బోర్డు కన్నా ముందు మిగతావి కొను, తలకు టేపు వాడి తలకే చుట్టు. ఫోన్లో వీడియోల్లో ఉత్త తలలతో ఎగిరేవాళ్ళను చూపించి వాడు వాదిస్తాడు, మా చిన్నీ వాదించింది. వాళ్ళు వెయ్యి సార్లు పడటం నేర్చుకున్నవాళ్ళని చెప్పు. వినకపోతే నా దగ్గరికి పంపు, హెల్మెట్ చూపిస్తా. అది పారెయ్యలేదు, బీరువా మీద సూట్‌కేసు వెనక దాచా. సుజాత దసరాకు ఇల్లు దులిపేలోగా ఏదో ఒక దారి చూడాలి. నీకేమైనా తోస్తే వెంటనే రాయి, కానీ కార్డు మీద రాయొద్దు, కవర్లో పెట్టు. మీ అక్క చేతికి అసలు

బండి చప్పుడు. సుజాత వచ్చేసింది. ఆపుతున్నా.

నీ
గోపి